గండకి ఒడ్డున సముద్రం

మా ఇంటి సాలగ్రామం మా ఆవిడ చేతిలో పగిలింది. అభిషేకం అయ్యాక స్వామిని తీసి పెట్టెలో పెట్టేశాననుకుని, పళ్ళెం పెరట్లోకి తీసుకెళ్ళి కుళాయి దగ్గర ఒంపేసింది. పెరుగు కింద స్వామి ఉండిపోయాడు. చప్టా మీద పడి రెండు చెక్కలయ్యాడు.

పగిలినా సాలగ్రామానికి పూజ తప్పదు. నేను చెప్పాను, మా భజన గోష్ఠిలో పెద్దలూ చెప్పారు. ఆమె వినలేదు. చెక్కలను పట్టుగుడ్డలో మూటగట్టేసింది. "ఎక్కణ్నుంచి వచ్చాడో అక్కడే ఒగ్గేద్దారండి" అంది. ఆనాటి నుంచి దేవుడి గదిలో అడుగు పెట్టలేదు.

అందుకే గోష్ఠితో కలిసి నేపాల్‌లో సాలగ్రామాలు దొరికే గండకి ఒడ్డుకి, ముక్తినాథ్‌కి బయల్దేరాం. ఆమె అన్న కూడా వచ్చాడు. మా ఊరి పోర్టులో కంటైనర్లు దించే పని ఆయనది.

"ఈళ్ళకి సముద్రం నేదు బావ. ఈళ్ళ సరుకు మన రేవులో దిగి రైలెక్కుతాది. కొండలు తప్ప ఏటున్నాయి ఇక్కడ?" అన్నాడు జీపులో.

నాకు కొండంటే సింహాచలం. పచ్చదనం, సంపెంగల వాసన. ఇక్కడ కింది లోయల్లో ఆ పచ్చదనమే ఉంది, మెట్లు మెట్లుగా వరిమడులున్నాయి. పైకి పోయేకొద్దీ చెట్లు పలచబడి, చివరికి మట్టిరంగు కొండలు మిగిలాయి. వానమబ్బులు వెనకున్న మంచు శిఖరాలను దాటి రాలేవట. ఆకాశంలో తెల్లగా కనిపించిన శిఖరాన్ని నేను మొదట మబ్బే అనుకున్నాను. ఎంతకీ కదల్లేదు. నోట్లో నామం ఆగిపోయింది.

కాళీ గండకి ఒడ్డున గాలి ఇసుకను మొహాన కొడుతోంది. నల్లరాళ్ళు అమ్మే ఒక ముసలావిడ, బుట్టలోంచి ఒకటి తీసి సుత్తితో కొట్టి తెరిచింది. లోపల చుట్టలు చుట్టిన గుల్ల. మా ఆవిడ చాలాసేపు చూసి తన మూట విప్పింది. మా చెక్కల్లోనూ అదే చుట్ట, గీతలతో సహా.

"అన్నియ్యా, ఇలా సూడు."

మా బావ ఒక చెక్కను చేతిలోకి తీసుకున్నాడు. "మన ఒడ్డుకి కొట్టుకొచ్చే గుల్లలాగే ఉందే" అన్నాడు మెల్లగా.

ఒకప్పుడు ఇదంతా సముద్రమేనట. ముసలావిడ హిందీలో చెప్పి, "మీరు చూశారా సముద్రం?" అని అడిగింది. మా వీధి చివరే ఉంటుందన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

నీళ్ళలో మునిగిన భూమిని వరాహస్వామి పైకెత్తిన కథ చిన్నప్పటి నుంచి పారాయణ చేస్తున్నాను. ఎంత ఎత్తుకు ఎత్తాడో అక్కడ నిలబడ్డాక తెలిసింది.

మా ఆవిడ నదిలో దిగి చెక్కలు రెండూ ముంచింది. వదిలేస్తుందని చూస్తున్నాను. తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఈ నీళ్ళు గంగలో కలిసి మన సముద్రంలోకే వత్తాయంట కదండి. ఇంక ఇక్కడ ఒగ్గడమేటి? ఇంటికే తీసికెళ్దాం."

ఊరొచ్చిన తెల్లారి పూజయ్యాక పళ్ళెం తనే కడిగింది. ముందు పెరుగంతా వేళ్ళతో తడిమి చూసుకుంది.