జలపాతం గీయనని చెప్పడానికి రాయచోటి దాకా

రాయచోటి బస్టాండు పక్కన టీ హోటల్ నడిపే మహబూబ్ బాషా ఫోన్ చేసి, గోడ నిండా జలపాతం గీయాలన్నాడు. పచ్చటి కొండ, కింద సరస్సు, అందులో రెండు హంసలు. మా కర్నూలు, కడప హోటళ్లలో ఎక్కడ చూసినా ఇదే బొమ్మ అడుగుతారు. ఇన్నేళ్లుగా నేను గీసిన నీళ్లన్నీ నిజమైతే మా ఆలూరు పొలాలు ముక్కారు పండేవి. ఇక గీయకూడదనుకున్నాను. ఫోన్లో చెబితే పని పోతుంది, ఎదురుగా నిలబడి చెబుదామని బయలుదేరాను.

ఉదయం ఆరింటికి ఆలూరులో బస్సెక్కి గుంతకల్లులో దిగాను. స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జి తిని కడప వైపు రైలెక్కితే జనరల్ పెట్టెలో చోటు దొరికింది. ఎదురుగా దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్న పెద్దావిడ నా రంగుల సంచి చూసింది.

“ఏం పని చేస్తాండావప్పా?”

“గోడల మీద బొమ్మలు గీస్తానమ్మా.”

“ఇంకా యెవురు గీపిచ్చుకుంటాండారు? అంతా ఫ్లెక్సీలే గదా.”

ఫ్లెక్సీ గాలికి చిరుగుతుంది, నా గోడ చిరగదని గట్టిగానే చెప్పాను. ఆవిడ నవ్వి సగం జామకాయ చేతిలో పెట్టింది. కోపంగానే తిన్నాను.

మధ్యాహ్నం కడపలో దిగి, ఆటోలో బస్టాండుకు వెళ్లి రాయచోటి బస్సు పట్టుకున్నాను. మీరు ఈ దారిన వెళ్తే గువ్వలచెరువు ఘాటు రోడ్డు కోసమైనా కిటికీ పక్కన కూర్చోండి. అక్కడ బస్సు ఆగితే కోవా కొనుక్కోవచ్చు. ఘాటు దాటాక రాతి గుట్టలు వచ్చాయి. వాటిని చూస్తుంటే ఏం గీయాలో తేలిపోయింది. ఇంత అందమైన రాయి మన కళ్లెదుట ఉండగా, ఎన్నడూ చూడని చలిదేశపు కొండలు నేనెందుకు గీయాలి?

జలపాతం కాదు, ఇక్కడి గుట్ట గీస్తానని చెబితే బాషా టీ ఇచ్చి విన్నాడు.

“గుట్ట యేం జూస్తారు భాయ్? బయటికొస్తే కనపడ్తాది. ఎండకు మాడి వచ్చినోళ్లకు కండ్లకైనా సల్లగా ఉండల్ల.”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా నేను పట్టు వదల్లేదు.

“నచ్చకుంటే కూలి ఇయ్యొద్దు. సున్నం కొట్టిచ్చుకో.”

“సరే, రంగులు నీవి, సున్నం నాది” అన్నాడు.

హోటల్ వెనక గదిలోనే పడుకుని, తెల్లవారి పని మొదలుపెట్టాను. పొద్దు వాలేసరికి గోడ మీద గుట్ట నిలిచింది. ఒకదానిపై ఒకటి ఎక్కిన బండలు, సందుల్లో ఎండిన గడ్డి, కింద ఎర్రమట్టిలో చెనక్కాయ చేను. టీ తాగుతున్న గొర్రెల కాపరి ఒకాయన గ్లాసుతోనే గోడ దగ్గరికొచ్చాడు.

“ఇది మా గుట్టే. మా కొట్టం యాడ?”

“గుట్టకు అవతల ఉంటాది. ఈడికి కనపడదు.”

“అట్లయితే దోవన్నా ఎయ్యప్పా.”

ఎక్కడ మలుపు తిరగాలో ఆయన వేలితో చూపిస్తుంటే బండల నడుమ సన్నటి దారి వేశాను. నా జలపాతాల ముందు నిలబడి దారి అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.

బాషా మాత్రం మెత్తబడలేదు. “ఒగడు మెచ్చుకున్న్యాడు, తాగింది ఒకటే టీ. శుక్రవారం దాకా జూస్తా. జనాలు నవ్వితే సున్నమే.”

“కొట్టిచ్చు. మళ్లా వచ్చి ఇదే గీస్తా” అన్నాను.

మర్నాడు తిరుగు బస్సులో నిద్ర పట్టలేదు. ఇది నాది అని చెప్పుకోగల గోడ నాకు ఇన్నాళ్లకు ఒకటి దొరికింది, ఉంటుందో ఉండదో తెలియదు. మీరు రాయచోటి వెళ్తే ఆ హోటల్లో ఆగండి, టీ బాగుంటుంది. గోడ తెల్లగా కనిపిస్తే ఆలూరుకు కబురు చేయండి. ఛార్జీలు నావే, వస్తాను.