సున్నా మడికి పిడికెడు యూరియా

కాన్సాస్‌లో నేను ఎం.ఎస్. చదివింది గోధుమ మీద. శాంటా క్లారాలో కోడ్ రాసుకునే నా స్నేహితుడు ఈ మాట తలచుకున్నప్పుడల్లా ఫోన్‌లో పగలబడి నవ్వేవాడు. "అరే, యూరియా చల్లనీకి ఎఫ్-వన్ వీసా కావాల్నారా?" అనేవాడు. కావాలి మరి. మా గోదావరి వైపు యూరియా చల్లినందుకు ఎవరూ డిగ్రీ ఇవ్వరు.

ప్రయోగానికి పొలం ఇచ్చింది అక్కడి రైతు, ఒక పెద్దాయన. ఆయన బోరులో నీళ్లు ఏటేటా అడుగంటుతున్నాయి. నీళ్లు పెట్టకుండా పండించాల్సి వస్తే యూరియా ఎంత వేయాలి, అసలు వేయాలా వద్దా అన్నది ఆయన ప్రశ్న. అందుకని వాన మీదే వదిలేసిన గోధుమలో కొన్ని మడులకు యూరియా ఎక్కువ, కొన్నింటికి తక్కువ, కొన్నింటికి సున్నా. ఆ సున్నా మడులతో పోల్చి చూస్తేనే మిగతావాటికి అర్థం. ప్రొఫెసర్ ఈ సంగతి నాకు నాలుగుసార్లు చెప్పారు. నాకా చెప్పడం? మూడు తరాల వరి రైతుల బిడ్డని!

చలి తగ్గగానే సున్నా మడులు పాలిపోయాయి. మా వైపు చేను పసుపెక్కితే గట్టు మీద పోయేవాడల్లా ఆగి, "ఏం బాబూ, చేనుకి కామెర్లా?" అని పరామర్శిస్తాడు. రోజూ ఆ మడుల పక్కన నడవాలంటే నాకు తలవంపులుగా ఉండేది. ఒక పొద్దున చుట్టూ ఎవరూ లేరని చూసుకుని పిడికెడు పిడికెడు చల్లుతూ అన్నింటినీ చుట్టేశాను. ఆ వారమే కాస్త వాన పడింది. పదిరోజుల్లో మడులు నవనవలాడాయి. సైన్సుకి నేనే ప్రాణం పోసినట్టు పొంగిపోయాను.

మే నెలలో వేడిగాలి మొదలైంది. ఏపుగా పెరిగిన గోధుమ నేలలోని తేమంతా ముందే తాగేసి కూర్చుంది. ఇక గింజకు మిగిలేదేముంది, నా తెలివి తప్ప? యూరియా ఎక్కువ వేసిన మడుల్లో గింజలు ముడుచుకుపోయాయి. ఘనత వహించిన నా సున్నా మడుల్లోనూ అంతే.

కోత అయ్యాక ప్రొఫెసర్, పెద్దాయన, నేను పికప్ వెనకాల నిలబడ్డాం. పెద్దాయన యూరియా ఎక్కువ వేసిన మడి సంచిలోంచి, సున్నా మడి సంచిలోంచి గింజలు అరచేతుల్లో పోసుకుని చూశాడు.

"వేసినా వేయకపోయినా ఇంతేనన్నమాట. అయితే ఈసారి పొలమంతా యూరియా కొట్టేస్తాను. వాన పడితే మంచిదే, పడకపోతే కొత్తగా పోయేదేముంది?" అన్నాడు.

పోయేదేమిటో నాకు తెలుసు: యూరియా పడని చేనుకైతే తేమ మిగిలి, గింజ కాస్తయినా నిండేది. నోరు మూసుకుంటే డిగ్రీ నా చేతికొస్తుంది, ఆయనకు పొలమంతా తాలు మిగులుతుంది. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పేశాను. "సార్, సున్నా మడులకు నేను యూరియా చల్లాను. పాలిపోతుంటే చూడలేకపోయాను."

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంకో ఏడాది," అన్నారు. అయ్యో పాపం అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుందంటారు. నాకు పన్నెండు నెలలు చుట్టుకుంది.

పెద్దాయన గింజలు సంచుల్లో పోసేసి చేతులు దులుపుకున్నాడు.

"పొలం మళ్లీ ఇస్తాను," అన్నాడు. "యూరియా షెడ్డు తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది."