మస్తాన్ సైకిల్‌లో మోటారు

చాలా రోజుల తర్వాత మస్తాన్ ఈ రోజు పొద్దున నాతో సైకిల్ తొక్కడానికి వచ్చాడు. కర్నూలులో మా పక్క వీధిలో బట్టల కొట్టు ఆయనది. ఓర్వకల్లు దారిలో ఎత్తు మొదలవగానే నన్ను దాటి వెళ్లిపోయాడు. ఆయనది బరువైన పాత ఇనుప సైకిల్. నాది ఇంట్లో పోరు పడి మరీ కొన్నది, ఒక చేత్తో ఎత్తేయొచ్చు. పైగా మస్తాన్ నాకంటే లావు మనిషి. అందుకే నాకు అనుమానం వచ్చింది. ఎత్తు మీద ఆయన నీళ్లు తాగుతుంటే, నేను వంగి పెడళ్ల దగ్గర తడిమి చూశాను.

"ఏం ఎతుకుతాండావప్పా?" అన్నాడు.

"మోటారు యాడ దాచినావు?"

"నువ్వే తొక్కి చూడు" అని నవ్వాడు.

తొక్కాను. బండరాయిని లాగినట్టుంది, మోటారు లేదు. అప్పుడు ఆయన్ను సరిగ్గా చూశాను. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. అనుమానం కాస్తా భయమైంది.

"ఏమప్పా, ఒంట్లో బాగుండాదా?"

"నాకేం కాలేదు. మా అక్కకు కిడ్నీ ఇయ్యాల. నేను బరువు తగ్గితేనే తీసుకుంటామన్యాడు డాక్టరు. శానా తగ్గినా. ఇంగ బండి బరువు నాకొక లెక్కనా?"

తిరుగు దారిలో నా సైకిల్ ఆయన్నే తొక్కమన్నాను.

ఇది ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆపరేషన్ అయ్యేదాకా కర్నూలు మిత్రులెవరూ ఆయన్ను బిర్యానీకి పిలవకండి. ఆయన బదులు నేనొస్తానంటే మీకేమైనా అనుమానమా?