కిందింటి అవ్వ, జమ్మి ఆకు, నా కుళ్ళు

మా అమ్మాయికి నాలుగేళ్లు. దాన్ని పెంచుతున్నది నేనూ నా భార్యా అని బడి ఫారంలో రాసి ఉంది. బడివాళ్లు పాపం నమ్మారు.

మాది కృష్ణా జిల్లా. నా ఉద్యోగం బోధన్‌లో, నా భార్యది నిజామాబాద్‌లో ఒక ఆస్పత్రిలో. కంఠేశ్వర్‌లో మేడ మీద అద్దెకుంటాం. బడి మధ్యాహ్నానికే వదులుతారు. మేం వచ్చే దాకా పిల్ల కింద, ఇంటి ఓనరు అవ్వ దగ్గర. అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. పిల్ల ఆమె వీపుకు ఆనుకుని కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలతో ఆడుకుంటుంది. ఆ ముక్కలు రోజూ గుప్పెడు తెచ్చి నా చేతిలో పోస్తుంది. నేను రోజూ చెత్తబుట్టలో వేస్తాను.

నేను మొదట కుళ్ళుకున్నది జొన్నరొట్టెను చూసి. ఒక ఆదివారం గంటసేపు తంటాలు పడి పెసరట్టు వేస్తే, పిల్ల దాన్ని వేలితో పొడిచి చూసింది.

"నాకు గిది వద్దు. అవ్వ రొట్టె కావాలె."

ఆ తర్వాత పిల్ల మాట కూడా కిందికి దిగిపోయింది. దెబ్బ తగిలితే "అవ్వా" అని ఏడుస్తుంది, నేను పక్కనే నిలబడి ఉన్నా సరే.

"పిల్లను కడుపులో పెట్టుకుని చూసే మనిషి మీద కుళ్ళేమిటండీ, సిగ్గు లేదూ?" అంది నా భార్య.

"ఉంది. దాని పని అది చేస్తోంది, కుళ్ళు పని కుళ్ళు చేస్తోంది."

దసరా సాయంత్రం అవ్వ వాళ్లతో పిల్ల కూడా జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లింది. వాళ్లు తిరిగొచ్చాక పిల్ల జమ్మి ఆకులు పంచుతుంటే పై మెట్టు మీద నుంచి చూస్తున్నాను. మొదటి ఆకు అవ్వకు, కాళ్లు మొక్కి మరీ. రెండోది అవ్వ కొడుక్కు. మూడోది పక్కింటాయనకు. ఆయన పేరు కూడా దానికి తెలియదు. నా వంతు నాలుగోది. పైకి వచ్చి నా అరచేతిలో ఆకులు పెట్టింది. వంగబోతోంది. నా చెయ్యి అలవాటు కొద్దీ గుమ్మం పక్కనున్న చెత్తబుట్ట వైపు వెళ్లిపోయింది.

"అవ్వా! నాన్న బంగారం పారేసిండు!"

వీధి మొత్తానికి వినబడింది. అవ్వ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఏంది సారూ, మీ దిక్కు బంగారం చెత్తల ఏస్తరా?"

"మా వైపు అది పసుపుపచ్చగా మెరుస్తుందండీ. ఆకులా ఉంటే గుర్తుపట్టలేకపోయాను."

"దసరా నాడు జమ్మే బంగారం. బిడ్డా, నాన్నకు ఎరుక లేదు. మల్ల ఇయ్యి."

"ఇయ్య," అంది పిల్ల. ముక్కు కారుతోంది, గుప్పెట మాత్రం బిగించే ఉంది.

పెసరట్టు పోతే పోయింది. ఇది కూడా పోతే ఈ పిల్లకు నేను మేడ మీద అద్దెకుండే సారునే.

"పోనీ, ఎలా ఇవ్వాలో నాకు నేర్పమ్మా," అన్నాను.

నేర్పమంటే దానికి పండగ. గుప్పెట విప్పి రెండు ఆకులు నాకు లెక్కగా ఇచ్చింది. "అవ్వకు ఇయ్యి. గట్ల కాదు, కుడి చేత్తోని. ఇప్పుడు వంగు. ఇంకా వంగు."

వంగాను. అవ్వ నా తల మీద చెయ్యి పెట్టింది.

"సల్లగుండు బిడ్డా."

రెండేళ్లుగా నేను ఆమెకు సారునే. బిడ్డా అనడం అదే మొదలు. ఆ మాట నాకంటే ముందు మా అమ్మాయి పట్టుకుంది. ఒక్క ఉదుటున వచ్చి, నా తల మీది నుంచి అవ్వ చేతిని రెండు చేతులా లాగేసి, తన తల మీద పెట్టుకుంది.

"నా అవ్వ. నీకు కాదు."

అవ్వ పడీ పడీ నవ్వింది. నేను వంగినవాణ్ణి వంగినట్టే దాని మొహం చూశాను. మూతి ముడుచుకుని, కళ్లు చిన్నవి చేసుకుని నన్ను మింగేలా చూస్తోంది. రొట్టె, మాట, పండగ, అన్నీ కిందింటివే. ఈ కుళ్ళు మాత్రం ఎవరూ నేర్పలేదు. అచ్చంగా మా ఇంటిది.