రాజక్క నేర్పిన మూడు ముక్కలాట

పక్క గదిలో మనుమలు పేకముక్కలు కలుపుతుంటే ఆ చరచర చప్పుడుకు నా వేళ్లు వాటంతట అవే మెదులుతాయి. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి గాని, వేళ్లకు ఆట మీద ఆశ చావలేదు. ఆ ఆట నేర్పింది సిరిసిల్లలో మా పక్కింటి రాజక్క. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. ఆమె భర్త బొంబాయి మిల్లులో పనికని పోయి అప్పటికే ఏళ్లు గడిచాయి. ఉత్తరం లేదు, కబురు లేదు. ఇంట్లో ఆయన మగ్గం, రాజక్క 'పత్తలు' అని పిలిచే ఆయన పేకముక్కలు మిగిలాయి.

నూలు రాక మగ్గాలు ఆగిన మధ్యాహ్నాల్లో వాడకట్టు ఆడవాళ్లం చింతగింజలు పందెం పెట్టి ఆడేవాళ్లం. మూడేసి ముక్కలు పంచుకుని పందెం పెంచుకుంటూ పోవాలి. నమ్మకం లేకపోతే ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. నాకు ఆ తప్పుకోవడమే చేతకాలేదు. తెగిన ప్రతి పోగునూ ముడేసే ఇంట్లో పుట్టినదాన్ని కదా, పనికిరాని ముక్కలను కూడా ఎట్లాగో గట్టెక్కిస్తానని గింజలు వేస్తూనే ఉండేదాన్ని.

"ఇది మగ్గం గాదు చెల్లె, ముడేసి నడిపిచ్చెతందుకు. పారెయ్," అనేది రాజక్క.

"ఇన్ని గింజలు ఏసినంక ఎట్ల పారేస్తనక్కా?"

"నడుమల పడ్డయి ఇగ నీయి గావు. వాటి కోసం ఇంకిన్ని ఏస్తవా?"

ముక్కలకన్నా మనుషులను చూడమనేది. మంచి ముక్కలు పడగానే నా చెయ్యి గింజల మీదికి పోతుందని నవ్వేది. నెమ్మదిగా నాకూ పారేయడం వచ్చింది. ఒకసారి ఆమెనే ఓడించాను, నాకన్నా ఆమే ఎక్కువ సంబరపడింది.

ఆ దసరాకు ఆదిలాబాద్ నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. జిన్నింగు మిల్లులో పని, మంచి మనిషి. "ఇగ చాలక్కా. బావ రాడు. నా దగ్గరికి రా, నా పిల్లలకు పెద్ద దిక్కయితవు," అని బతిమాలాడు. ఆమె కదలలేదు. అతను కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాక నాకు కోపం ఆగలేదు.

"నాకైతే పారెయ్యమని జెప్తివి. నువ్వెందుకు పారెయ్యవక్కా?"

రాజక్క ఆయన పేకముక్కలు ఒక్కచోటికి సర్దింది. అలసిపోయిన గొంతుతో అంది: "పత్తలు నాకు మాటియ్యలే చెల్లె. ఆయన ఇచ్చిండు."

తర్వాత మేం మంచిర్యాలకు బతకడానికి వెళ్లిపోయాం. ఆమె పోయిందన్న కబురు అక్కడే విన్నాను. ఆయన వచ్చాడన్న కబురు మాత్రం రాలేదు.

దక్కనిదాన్ని వదిలి లేచి వెళ్లడం నాకు ఇప్పుడు కష్టం కాదు. తెలివైనదానివని అంటారు కూడా. కానీ ఎవరి కోసమో ఎదురుచూసే మనిషిని చూస్తే 'ఇంక చాలు' అనే మాట నోటికి రాదు. వెళ్లి పక్కన కూర్చుంటాను, అంతే.