బంగార్రాజు ముక్కుకి మందు

ముక్కు మీద కోపం అంటారు లోకంలో. బంగార్రాజుకి అది ముక్కు లోపల ఉండేది. హిందీ రాష్ట్రంలో, చరోదా రైల్వే యార్డులో వ్యాగన్లు బాగుచేసే ఆ మనిషికి రెండు నెలలకోసారి ఎడమ ముక్కులో చీముగడ్డ లేచేది. ముక్కు కొన ఎర్రబడిందంటే ఆ రైల్వే క్వార్టర్లో గిన్నెలకీ, కుర్చీలకీ, భార్య గౌరీదేవికీ మూడినట్టే.

పాలకొండ దగ్గరి పల్లె నుంచి ఆమె కాపురానికొచ్చి ఇరవై ఏళ్ళు. కాలనీ ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టి కూతురు కృష్ణప్రియని కాలేజీలో చదివిస్తోంది. తెలివితక్కువది కాదు. కానీ ఒక్క మాట గట్టిగా నమ్మింది: కొట్టేది మొగుడు కాదు, నొప్పి. ఒకసారి పన్ను ఊడింది. ఇంకోసారి మణికట్టు విరిగింది. పక్కింటి సత్యవాణి అడిగితే, "గడ్డ లేస్తే ఆయనకి ఒళ్ళు తెలీదు వదినా. అది తగ్గితే దేవుడే" అనేది. దేవుడట! వింటేనే ఒళ్ళు మండుతుంది.

వాళ్ళ ఊళ్ళో గడ్డలకి సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తారు. వీపు మీద గడ్డకి అది చెల్లుతుందేమో. పోయిన ఎండాకాలం బంగార్రాజు దాన్ని దూదికి అద్ది ముక్కులో దోపుకున్నాడు. సున్నం లోపలి పొరని కాల్చేసింది. అరుస్తూ అద్దం పగలగొట్టి, అడ్డొచ్చిన గౌరీదేవిని గోడకేసి బాదాడు. మర్నాటికి అతని ముక్కూ బుగ్గా వాచి కన్ను మూసుకుపోయింది. కనుబొమ్మ చీలిన గౌరీదేవే అతన్ని ఆటోలో నెహ్రూ నగర్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టర్ కిరణ్మయి చూసి మండిపడింది. "ముక్కులో గడ్డని కెలికితే విషం మెదడుకి పాకుతుంది. చచ్చిపోతారు" అని అక్కడే చేర్పించి, చీము పరీక్షకి పంపించి, ఇంజెక్షన్లు వేయించింది. ఇంటికి పంపేటప్పుడు గౌరీదేవికి విడమరిచి చెప్పింది. ఆ క్రిమి ముక్కులోనే కాపురం పెట్టింది. నొప్పి తగ్గగానే బిళ్ళలు మానేస్తున్నాడు, ముక్కు వెంట్రుకలు పీకుతున్నాడు, పైగా ముగ్గురికీ ఒకటే తువ్వాలు. అందుకే తిరగబెడుతోంది. ఇప్పుడు ముగ్గురూ అయిదు రోజులపాటు, పూటకోసారి చొప్పున రోజుకి రెండుసార్లు ముక్కులో మందు రాసుకోవాలి. తువ్వాళ్ళు, దిండు గలీబులు ఉడకబెట్టాలి.

"మీ కనుబొమ్మకేమైంది?" అని అడిగింది చివర్లో.

"తలుపు తగిలిందండి" అంది గౌరీదేవి.

ఆ అయిదు రోజులూ ఇంట్లో యుద్ధమే. రెండో రోజు ట్యూబు ఆమె మొహాన కొట్టి, "నా రోగానికి మీరేటి మందు పూసుకుంటన్నారు? నాటకాలా?" అని అరిచాడు. ఆమె ట్యూబు ఏరుకుని మళ్ళీ ఎదురుగా నిలబడింది. బిళ్ళ గొంతు దిగేదాకా కదిలేది కాదు. చెయ్యి విదిలించినా, తోసినా, ఒక్క పూటా మానలేదు. ఈ గడ్డ పోతే తన ఒంటి మీద దెబ్బ పడదని ఆమె ఆశ.

గడ్డ పోయింది. రెండు నెలలు, నాలుగు, ఆరు. చావుభయమో ఏమో, బంగార్రాజు చెయ్యి కూడా లేవలేదు. మందు పనిచేసిందని గౌరీదేవి అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఏడో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, చేపల పులుసులో ఉప్పెక్కువైందని అతను కంచం విసిరాడు. జుట్టు పట్టి లాగి చెంపలు వాయించాడు. ఆ పెనుగులాటలో అతని ముక్కు ఆమె కళ్ళకెదురుగా వచ్చింది. ఎరుపు లేదు, వాపు లేదు, నిక్షేపంగా ఉంది. ఇరవై ఏళ్ళ దెబ్బలూ అప్పుడే తగిలినంత బాధ కలిగింది ఆమెకి.

ఎవరినీ తాకనివ్వని ఆ ముక్కుని, రోజంతా కత్తెర పట్టే వేళ్ళతో పట్టుకుని మెలిపెట్టింది. రక్తం కారేదాకా వదల్లేదు.

"ఏదిరా గడ్డ? సూపించు! నొప్పి లేదు, చీము లేదు. మరెందుకు కొట్టినావురా?"

మొగుణ్ణి 'మీరు' తప్ప అనని మనిషి. బంగార్రాజు ముక్కు పట్టుకుని వెనక్కి తగ్గాడు. కృష్ణప్రియ అప్పటికే స్కూటీ బయటికి తీసింది. "చలో అమ్మా" అంది.

పోలీసు థానాలో ఫిర్యాదు రాసుకుంటున్న హవల్దారు తలెత్తకుండానే హిందీలో అడిగాడు, మీ ఆయన ఎందుకు కొడతాడని.

పెదవి మీది రక్తం తుడుచుకుని గౌరీదేవి వచ్చీరాని హిందీలో చెప్పింది: "కారణమేమీ లేదు సాబ్. కొడతాడు. అలాగే రాయండి."