ఎండకి ప్యాచ్ ఊడుతుందా?

1984లో నేను నందిగామలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సును. ఏటా ఎండలు ముదరగానే జగ్గయ్యపేట నుంచి సైకిల్ షాపు జోజయ్యగారు కూతురు రాణిని తీసుకుని వచ్చేవారు.

రాణికి పుట్టుకతోనే గుండె గదుల మధ్య గోడకు రంధ్రం. మేము వి.ఎస్.డి. అంటాం. ఎనిమిదేళ్ళప్పుడు మద్రాసులో ఆపరేషన్ చేసి, ఆ రంధ్రానికి గుడ్డలాంటి ప్యాచ్ వేసి కుట్టారు.

ఆ మాటతోనే చిక్కొచ్చింది. జోజయ్యగారు ఊళ్ళో సగం ట్యూబులకు ప్యాచ్‌లు వేసిన మనిషి. ఎండకు తారు రోడ్డు మీద అవెలా ఊడతాయో చూసిన మనిషి. వేసవిలో పిల్లను నీడ దాటనిచ్చేవారు కాదు. షాపు నిండా అద్దె సైకిళ్ళున్నా రాణి ఒక్కటీ ఎక్కలేదు. ఆ ఏడు పదో తరగతి పాసైంది. కాలేజీ ఊరి అవతల. నడిస్తే ఆయాసం, తొక్కితే ప్రమాదం, అందుకని చదువు మాన్పిస్తానన్నారు.

డాక్టరుగారు గుండె విన్నారు. ఇ.సి.జి. చూశారు. రాణిని మెట్లెక్కించి దించి మళ్ళీ విన్నారు. బాగుందన్నారు. జోజయ్యగారు కుర్చీ వదల్లేదు.

"పిల్ల ఎదిగిందండి. ప్యాచ్ ఎదగదు గదండి. అంచులు లేస్తే?"

గుండె లోపలి పొర పాకి ప్యాచ్‌ను ఎప్పుడో కప్పేసిందని, అదిప్పుడు గోడలో భాగమేనని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు.

"గోరుతో గీకినా అంచు దొరకదంటారా?"

"దొరకదు."

"అయితే అది ప్యాచ్ కాదండి, వల్కనైజింగ్. వేడిమీద రబ్బర్లో రబ్బరు కలిపేస్తాం, ఇంక ఊడదు. ఆ ముక్క మద్రాసులోనే చెప్పుంటే పిల్లని ఇన్ని వేసవులు కూచోబెట్టేవాణ్ణా?"

"ఆ నీలం లేడీస్ సైకిలు నాది నాన్నా," అంది రాణి.

ఏటా చూపించుకోవడం మాత్రం మానొద్దన్నారు డాక్టరుగారు. మానలేదు. రాణి టీచరై వీరులపాడులో చేరాక కూడా జోజయ్యగారే వెంట వచ్చేవారు. ఓసారి, మీక్కూడా బి.పి. చూస్తానన్నాను. ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు.

"నాది ఒరిజినల్ ట్యూబండి సిస్టరుగారూ. దానికేం?"

మరుసటి వేసవికి రాణి ఒక్కతే వచ్చింది. షాపులో ఎవరి సైకిలుకో గాలి కొడుతూ కూలబడ్డారట. గుండెపోటు. మళ్ళీ లేవలేదట.

అప్పట్నించి రోగి కంటే ముందు వెంట వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుంటున్నాను. నాకేం లేదన్నవాళ్ళను అసలు వదలను.